ఏ సంఘానికీ చెందని సర్కారు

హైదరాబాదు లాలాగూడలో ఒక బాప్టిస్టు పాస్టరుగారు రాత్రి ఎనిమిదింటికి పెళ్ళి చేయించారనుకుందాం. ఆయనకు ప్రభుత్వ లైసెన్సు ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, పిల్లా పిల్లవాడూ ఇష్టపడే వచ్చారు. అయినా వేళ తప్పిందని తెలిసే చేయించారు కాబట్టి ఆయనకు మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. అదే రాత్రి పక్క వీధిలో ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, ఫాదరుగారు తమ బిషప్పు అనుమతి పత్రంతో ఇంకో పెళ్ళి జరిపిస్తే చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్ళి జరగాలన్న నిబంధన ఆయనకు వర్తించదు. ఇద్దరూ కొలిచే దేవుడొక్కడే, ఇద్దరి చేతిలోనూ ఉన్నది బైబిలే. తేడా సంఘంలో ఉంది. ఆ తేడాను పట్టి పట్టి చూసేది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. రాజ్యాంగ పీఠికలో 1976లో ‘సెక్యులర్’ అని రాసుకున్నాక కూడా అది నిక్షేపంగా అమల్లో ఉంది.

ఆ చట్టం ఐదో సెక్షన్‌లో పెళ్ళి జరిపించే అర్హత ఎవరికుందో వరుసగా చెప్పారు. మొదట, బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు. తర్వాత స్కాట్లండ్ చర్చి గురువులు. వీళ్ళెవరూ సర్కారును లైసెన్సు అడగనక్కర్లేదు. మూడో వరసలో, ప్రభుత్వ లైసెన్సు తెచ్చుకున్న ఇతర బోధకులు. ఆపైన మ్యారేజి రిజిస్ట్రార్లు, భారతీయ క్రైస్తవులకు పెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చే లైసెన్సుదార్లు. బిషప్పులు లేని బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్ళు, అసలు గురుపట్టమే ఒప్పుకోని బ్రదరెన్‌వాళ్ళు కింది మెట్టు మీదే నిలబడాలి. ఈ అర్హతల్లో ఏదీ లేకుండా పెళ్ళి చేయిస్తే శిక్ష పదేళ్ళ దాకా.

ఈ మెట్లెందుకో వేదాంతంలో వెతికితే దొరకదు. జీతాల పద్దులో దొరుకుతుంది. 1813 చార్టర్ చట్టం కలకత్తాకు ఇంగ్లండ్ చర్చి బిషప్పును ఏర్పాటు చేసి ఆయన జీతం ఇక్కడి ఆదాయం మీద వేసింది. 1833 చార్టర్ చట్టం ప్రతి ప్రెసిడెన్సీలోనూ ఇద్దరు స్కాట్లండ్ చర్చి గురువులకు చోటిచ్చింది. ఇంగ్లండులో ఇంగ్లండ్ చర్చి, స్కాట్లండులో స్కాట్లండ్ చర్చి రాజ్యం గుర్తించిన చర్చిలు కాబట్టి ఇక్కడా వాటికే పెద్దపీట. రైతు కట్టిన శిస్తులోంచి దొరల ఆత్మల రక్షణకు పద్దు నడిచింది. 1927లో చేసిన చట్టంతో 1930 మార్చి 1 నుంచి ఇక్కడి ఆంగ్లికన్ చర్చికి ఇంగ్లండ్ చర్చితో చట్టబంధం తెగింది గానీ ఖజానాతో బంధం తెగలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం మత వ్యవహారాల ఖర్చుకు ఏటా 42 లక్షల రూపాయల వరకు వీలు కల్పించింది, పింఛన్లు అదనం. ఆ శాఖను రక్షణ, విదేశీ వ్యవహారాలతో సమానంగా గవర్నర్ జనరల్ చేతిలోనే ఉంచింది. ఆ డబ్బు కట్టినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా క్రైస్తవులే కారు.

ఎవరి ఊళ్ళు వారివి

సంఘాల మధ్య పోటీ మన నేల మీద ఎలా నడిచిందో తెలియాలంటే మిషన్ల పటం చూడాలి. ఒకరి పొలంలో ఇంకొకరు కోత కోయకుండా మిషన్లు జిల్లాలను పంచుకున్నాయి. మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు. డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు. నల్లగొండ, హనుమకొండల్లో అమెరికన్ బాప్టిస్టులు. వికారాబాద్, జహీరాబాద్‌లలో అమెరికన్ మెథడిస్టులు. మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్లు. కోస్తాకు వెళితే గుంటూరు, రాజమండ్రి లూథరన్లవి, కాకినాడ కెనడా బాప్టిస్టులవి. రోమన్ కాథలిక్కులు ఈ పంపకంలో చేరలేదు. వాళ్ళకు ఊరన్నది ఎక్కడైనా ఒకటే.

దీని ఫలితం ఏమిటి? మెదక్ తాలూకా మాలపల్లెలో పుట్టినవాడు శిశు బాప్తిస్మం సరైనదని నమ్మాడు. నల్లగొండ మాదిగపల్లెలో పుట్టినవాడు అది చెల్లదు, ఎదిగాక నిండా ముంచితేనే బాప్తిస్మం అని నమ్మాడు. ఇద్దరిలో ఎవరూ రెండు సిద్ధాంతాలనూ పక్కపక్కన పెట్టి తూచి చూడలేదు. బోస్టన్‌లోనో లండన్‌లోనో కూర్చున్న కమిటీలు గీసిన గీత వాళ్ళ నిత్యసత్యాన్ని నిర్ణయించింది. పుట్టిన ఊరిని బట్టి మారేది నిత్యసత్యం ఎలా అవుతుందని హిందువును అడిగిన మిషనరీ దొర, ఆ ప్రశ్న తన పటానికి వేసుకోలేదు.

అసలు ఈ చీలికలు ఎంత అసంబద్ధమో లోపలివాళ్ళకూ తెలుసు. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు. పడమటి దేశాల తగాదాలు మా మీద ఎందుకు రుద్దుతారని ఆయన జీవితమంతా వాదించారు. ఆయన 1945 జనవరి 1న చనిపోయారు. రెండేళ్ళ తర్వాత, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ, ఏర్పడింది. బాప్టిస్టులు, లూథరన్లు, అమెరికన్ మెథడిస్టులు బయటే ఉండిపోయారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐవాళ్ళు ఒకే బల్ల మీద ఒకే పాఠం చదువుకున్నారు. పట్టా పుచ్చుకుని ఎవరి పీఠం వాళ్ళెక్కాక మళ్ళీ ఎవరి బాప్తిస్మం వాళ్ళది.

మిషన్లు పంచుకున్న ఆ పటం రైలు పట్టాల దగ్గర చెదిరిపోయింది. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. పని ఉన్నచోటికి మనుషులు వస్తారు, మనుషులతో పాటు వాళ్ళ సంఘాలూ వస్తాయి. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, ఫిట్టర్లు, జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కూలీలు, తర్వాత ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకోవడానికి వచ్చిన వాళ్ళ పిల్లలు. మెట్టుగూడ, లాలాగూడ, తార్నాక చుట్టుపక్కల ఇవాళ సీఎస్‌ఐ, మెథడిస్టు, బాప్టిస్టు, ఆర్‌సీఎం, బ్రదరెన్, పెంతెకోస్తు, శనివారం ఆరాధించే సెవెంత్ డే సంఘాలవాళ్ళు ఒకే బస్టాపులో నిలబడతారు. పల్లెలో మిషన్ తనకు కేటాయించిన మందగా చూసిన మనిషి ఇక్కడ సంఘం మారగలడు, రెండు ఆదివారాలు ఎగ్గొట్టగలడు, ఏదీ నమ్మకుండానూ బతకగలడు. నగరం చేసిన మేలు అది.

హేతువాది ఈ బస్టాపులో నిలబడి ఊరికే వింటే చాలు. చిలకరింపు బాప్తిస్మం చెల్లదని ఒకరు, మళ్ళీ ముంచడం పాపమని ఇంకొకరు. అన్యభాషల్లో మాట్లాడకపోతే పరిశుద్ధాత్మ రాలేదని ఒకరు, ఆ వరాలు అపొస్తలులతోనే ఆగిపోయాయని ఇంకొకరు. ఆదివారం ఆరాధన రోము కల్పన అని ఒకరు, త్రిత్వమే కల్పన అని మరొకరు. ప్రతివారూ మిగతా అందరి గురించీ చెప్పేది హేతువాది చెప్పేదే. ఒక్క తమ సంఘం దగ్గరే ఆగిపోతారు.

గోడ కావాలన్నది భక్తులే

చర్చి వేరు, రాజ్యం వేరు అన్న సూత్రాన్ని నాస్తికులు తెచ్చిపెట్టారని మన పాస్టర్లలో చాలామంది అనుకుంటారు. చరిత్ర వేరే చెబుతుంది. అమెరికాలోని వర్జీనియాలో ఇంగ్లండ్ చర్చి రాజ్యం చర్చిగా ఉన్న రోజుల్లో, 1768 నుంచి, లైసెన్సు లేకుండా బోధించారని బాప్టిస్టు పాస్టర్లను జైళ్ళలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1784లో పాట్రిక్ హెన్రీ ఒక బిల్లు తెచ్చాడు. క్రైస్తవ బోధకుల పోషణకు అందరి మీదా పన్ను వేద్దాం, తన పన్ను ఏ సంఘానికి చేరాలో కట్టేవాడే చెప్పుకోవచ్చు అన్నాడు. పైకి ఎంత న్యాయంగా ఉంది! ఏ సంఘం మీదా వివక్ష లేదు, బాప్టిస్టులకూ వాటా వస్తుంది. ఆ వాటా తమకొద్దన్నవాళ్ళలో బాప్టిస్టులే ముందున్నారు. ప్రెస్బిటీరియన్లు కొన్నాళ్ళు ఊగిసలాడి వాళ్ళూ ఎదురు తిరిగారు. 1785లో జేమ్స్ మాడిసన్ ఆ బిల్లుకు వ్యతిరేకంగా విజ్ఞాపన రాశాడు. బిల్లు పడిపోయింది. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ శాసనం వచ్చింది.

కనెక్టికట్‌లో ఇంకో తమాషా. అక్కడి కాంగ్రిగేషనల్ చర్చి పన్ను తప్పించుకోవాలంటే బాప్టిస్టు తాను బాప్టిస్టునని సర్టిఫికెట్ సమర్పించాలి. ఈ అవమానం గురించి డాన్‌బరీ బాప్టిస్టులు రాసిన ఉత్తరానికి జవాబుగానే 1802 జనవరి 1న జెఫర్సన్ చర్చికీ రాజ్యానికీ నడుమ గోడ అన్న మాట వాడాడు. కనెక్టికట్‌లో రాజ్యం చర్చి 1818లో పోయింది, మసాచుసెట్స్‌లో 1833లో. మూడేళ్ళ తర్వాత, 1836లో, మసాచుసెట్స్ రాజధాని బోస్టన్ కేంద్రంగా ఉన్న బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే తెలుగు నేల మీద అడుగుపెట్టాడు. అంటే తెలుగు బాప్టిస్టుల మూలపురుషులు ఆ గోడ కోసం జైలుకెళ్ళిన సంఘం వాళ్ళు.

ఆ సంస్కారం కొన్నాళ్ళు ఇక్కడా కనిపించింది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కూలి డబ్బు చేతులు మారుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆకలి జ్ఞాపకం అంత త్వరగా చల్లారుతుందా అని నేను అడుగుతాను. కానీ సర్కారు రూపాయి, దేవుడి పిలుపు ఒకే చేతిలో ఉండకూడదన్న ఎరుక ఆ దొరకు ఉంది. ఇవాళ్టి మన నాయకులకు అదీ లేదు.

నిజాం నేర్పిన పాఠం

రాజ్యం మతానికి కాపలాదారైతే ఏమవుతుందో హైదరాబాదుకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నిజాం ప్రభుత్వంలో ఉమూరె మజహబీ అని మతవ్యవహారాల శాఖ ఉండేది. గుడి కట్టాలన్నా, బాగుచేసుకోవాలన్నా ఆ శాఖ అనుమతి కావాలి. 1938–39లో ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహంలో ఆ శాఖ పెత్తనం మీదా పోరాటం ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్ (ఇస్లాం మతబోధ), మిగతావాళ్ళకు నీతిబోధ తప్పనిసరి. 1938లో వందేమాతరం పాడినందుకు హిందూ విద్యార్థులను బయటికి పంపారు. పాలకుడి మతం ఏదైనా, తరగతి గదిలో దేవుడు హాజరు పట్టీ తీసుకుంటే చివరికి నష్టపోయేది విద్యార్థే.

ఇలాంటిది జరగకుండా రాజ్యాంగంలో 28వ అధికరణం వచ్చింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదంది. ఒక మతాన్ని పోషించడానికి పన్ను వేయరాదని 27వ అధికరణం అంది. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని 1976లో 51ఎ అధికరణంలో చేరింది. తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళితే కనిపించే పరిశోధన సంస్థ సీసీఎంబీకి వ్యవస్థాపక సంచాలకుడు పుష్పమిత్ర భార్గవ ఆ మాటను బతికినన్నాళ్ళూ పట్టుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సు పెట్టడాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2004లో కోర్టు తోసిపుచ్చింది. నిజాం దీనియాత్ పోయిన చోటికి జ్యోతిషం సిలబస్ వేసుకుని వచ్చింది.

గౌరవ వేతనం ఎవరికి గౌరవం?

ఇప్పుడు పాట్రిక్ హెన్రీ బిల్లును మన దగ్గర వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టారు. యెరూషలేం యాత్రకు ఇచ్చే సాయాన్ని 2019లో ఆదాయాన్ని బట్టి 60,000 రూపాయలు, 30,000 రూపాయలుగా పెంచారు. తెలంగాణ వచ్చాక క్రిస్మస్‌కు సర్కారు బట్టలు, ఎల్బీ స్టేడియంలో సర్కారు విందు పెట్టారు. ఒక్క క్రైస్తవులకే అనుకోకండి. రంజాన్‌కు బట్టలు, ఇఫ్తార్ విందు, ఇమాములకు, మౌజన్లకు గౌరవ వేతనం, బతుకమ్మకు చీరలు, చిన్న గుళ్ళకు ధూపదీప నైవేద్యం పథకం కూడా పెట్టారు. ఒకరికిచ్చింది చూపించి ఇంకొకరు అడుగుతారు. ఆ ఇంకొకరికిచ్చింది చూపించి మొదటివారు పెంచమంటారు. అందరికీ ఇస్తున్నాం కాబట్టి ఇది సెక్యులరిజమే అని మంత్రిగారు మైకులో చెబుతారు. సరిగ్గా ఈ వాదాన్నే వర్జీనియా బాప్టిస్టులు 1785లో తిప్పికొట్టారు.

ఇందులో లోపం డబ్బు వృథా ఒక్కటే అయితే దులిపేసుకోవచ్చు. పాస్టరుకు వేతనం ఇవ్వాలంటే పాస్టరు ఎవరో ప్రభుత్వం తేల్చాలి. ఇంటి వరండాలో ఇరవైమందితో ప్రార్థన నడిపే ఆయన పాస్టరేనా? పాస్టరన్న పదవినే ఒప్పుకోని బ్రదరెన్ సహోదరుడి సంగతి? రిజిస్ట్రేషన్ ఉన్న సంఘమే సంఘమా? రెండువేల ఏళ్ళుగా క్రైస్తవులు తమలో తాము తేల్చుకోలేని ప్రశ్నకు ఎంపీడీవో ఆఫీసు గుమాస్తా జవాబు రాయాలి. యాత్ర సంగతీ అంతే. యాత్ర చేస్తే పుణ్యమని బాప్టిస్టు సిద్ధాంతంలో ఎక్కడా లేదు. లేని పుణ్యానికి సర్కారు టిక్కెట్ కొనిపెడుతోంది.

హిందూ ఆలయాల ఆదాయం ప్రభుత్వం చేతిలో ఉంది కదా, ముందు అది వదలమనండి అని ఒక వాదం వినిపిస్తుంది. 1987 దేవాదాయ చట్టం ఆలయాల అజమాయిషీని ప్రభుత్వానికిచ్చిన మాట నిజం. వంశపారంపర్య హక్కుల రద్దు వంటి సంస్కరణలూ ఆ చట్టంతోనే వచ్చాయి. ఆస్తులకు లెక్కలు అడగడం రాజ్యం పని. గుడి ఆస్తికైనా, చర్చి ఆస్తికైనా, వక్ఫ్ ఆస్తికైనా అది ఒకేలా అడగాలి. బ్రహ్మోత్సవానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు మోయడం మాత్రం రాజ్యం పని కాదు. ఆ పళ్ళెం నెత్తిన పెట్టుకునే ముఖ్యమంత్రి ఏ పార్టీవారైనా సరే.

వేరుగా ఉండడమంటే వదిలేయడం కాదని కూడా చెప్పాలి. కేన్సరు నయం చేస్తామని స్వస్థత సభల పోస్టర్లు అంటించేవాళ్ళ మీద 1954 నాటి మంత్రతంత్ర నివారణల చట్టం ఉంది. ఆ చట్టం చేతిలో ఉండి, అదే సభల వేదికల మీద ప్రజాప్రతినిధులు కూర్చుంటే పోలీసు చెయ్యి ఎలా లేస్తుంది?

సర్టిఫికెట్లు అడిగే రాజ్యం

కనెక్టికట్ సర్టిఫికెట్‌కు మన దగ్గరా ఒక తోబుట్టువుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట దాదాపుగా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవుడైతే పోతుంది. తెలుగు రాష్ట్రాల్లో బీసీ సి కింద ఒక్క శాతం మిగులుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. తిట్టినవాడు కులాన్ని చూసి తిడతాడు, కోర్టు దేవుణ్ణి చూసి లెక్క వేస్తుంది. క్రైస్తవంలో కులం లేదని సంఘాలు గొప్పలు చెప్పుకుని ఈ అన్యాయానికి సాక్ష్యమిచ్చాయి. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి కాథలిక్కులు అని వేరువేరుగా కూర్చునే చోట ఆ గొప్ప ఎంత అబద్ధమో పల్లెలో అందరికీ తెలుసు. అంటరానితనం ఎవరు అనుభవిస్తున్నారో చూడాలి గానీ వాళ్ళు ఆదివారం ఎక్కడికి వెళతారో చూడడం సర్కారు పని కాదు.

రాజ్యాన్ని దూరంగా ఉండమనే సంఘాలే తగాదా వస్తే దాని గుమ్మం ముందు నిలబడతాయి. పడమటి దేశాల తగాదాలు వద్దని పుట్టిన సీఎస్‌ఐ తన తగాదాలు తాను తీర్చుకోలేకపోయింది. 2024లో మద్రాసు హైకోర్టు దాని వ్యవహారాలు చూడడానికి ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించే దాకా వచ్చింది, వివాదం సుప్రీంకోర్టుకూ ఎక్కింది. మరోవైపు, చర్చి కోర్టు పెళ్ళిని రద్దు చేస్తే చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, 2017లో మళ్ళీ చెప్పింది. మంచి తీర్పులు. పెళ్ళి తెంచే అధికారం ఏ చర్చికీ లేనప్పుడు, పెళ్ళి కట్టే అధికారంలో మాత్రం చర్చికో మెట్టు ఎందుకు?

ఏ సంఘానికీ చెందని రాజ్యం వల్ల ఎవరికి మేలో 1986 నాటి కేసు ఒకటి తేల్చింది. జాతీయగీతం పాడకుండా మౌనంగా నిలబడ్డారని కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలను బడి నుంచి తీసేశారు. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ధర్మాసనం ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. యెహోవా సాక్షులు అసలు క్రైస్తవులే కారని మన సీఎస్‌ఐవాళ్ళూ, ఆర్‌సీఎంవాళ్ళూ, పెంతెకోస్తువాళ్ళూ ఒక్క గొంతుతో అంటారు. అలాంటి సంఘం పిల్లలకు రక్షణ దొరికింది వాళ్ళ సిద్ధాంతం ఒప్పా తప్పా అని అడగని కోర్టు దగ్గర. తక్కువ సంఖ్యలో ఉన్నవాడికి అంతకు మించిన ఆశ్రయం లేదు. ఈ దేశంలో మొత్తం క్రైస్తవులే తక్కువ సంఖ్యలో ఉన్నారు. నాస్తికులం ఇంకా తక్కువ.

కనుక సంఘాల పెద్దలకు నాలుగు మాటలు. వివాహ చట్టంలోని మెట్లు తీసేయమని కలిసి అడగండి. పెళ్ళి ఎవరిదైనా నమోదు రాజ్యానిది, ఆశీర్వాదం మీ ఇష్టం. కులం కష్టానికి మతం షరతు పెట్టవద్దని అడగండి. గౌరవ వేతనం, యాత్రల డబ్బు వెనక్కిచ్చేయండి. మీ దశమభాగాలతో మీ పాస్టరును మీరే పోషించుకోండి, చేతకాకపోతే ఆ సంఘం ఉండాలో వద్దో సభ్యులే తేల్చుకుంటారు. మీకిచ్చిన రూపాయి రేపు మీ మీద పెత్తనానికి బయానా అని గుర్తుంచుకోండి.

పాఠకులకు ఒక్క మాట. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని మా మతానికి ఏం చేస్తారని అడగకండి. ఏ మతానికీ ఖజానా నుంచి పైసా ఇవ్వనని రాసిస్తారా అని అడగండి.